రోహిణి కార్తెలో తోటలు చూడటం

మా ఇల్లు హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో, పడమటి ముఖంగా ఉంటుంది. దానికి పన్నెండడుగుల బాల్కనీ ఒకటి ఉంది. మధ్యాహ్నం రెండు గంటలకు అక్కడ దిగిన ఎండ పొద్దుగూకేదాకా కదలదు. నిరుడు డిసెంబరులో నగరంలో జరిగిన ఒక మొక్కల ప్రదర్శనకు వెళ్లి, అక్కడ వరుసలు తీర్చి పెట్టిన పెటూనియాలు, డయాంథస్‌లు, డాలియాలు చూసి కళ్లు చెదిరి, ఆటో నిండా కుండీలు వేసుకుని ఇంటికి వచ్చాను. అమ్మిన కుర్రవాణ్ణి "ఎండకు తట్టుకుంటాయా బాబూ?" అని అడిగితే, "ఏం కాదు ఆంటీ, రోజూ నీళ్లు పోస్తే చాలు" అన్నాడు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మా బాల్కనీ పెళ్లిపందిరిని తలపించింది. ఉగాది నాటికి ఆకుల అంచులు మాడటం మొదలైంది. ఏప్రిల్ మూడో వారానికి 18 కుండీల్లో 16 ఖాళీ అయ్యాయి. మిగిలిన రెండింటిలో ఒకటి తులసి. రెండోది నేను కొన్నది కూడా కాదు, పక్కింటివారు ఇల్లు మారుతూ మా గుమ్మం ముందు వదిలి వెళ్లిన కాగితంపూల మొక్క.

ఆ కుర్రవాడి మీద చాలా రోజులు కోపం పోలేదు. తీరికగా ఆలోచిస్తే తప్పు సగానికి పైగా నాదేనని తోచింది. పెటూనియా, డయాంథస్ వంటివి చలికాలపు మొక్కలు. రాత్రుళ్లు చల్లగా ఉన్నన్నాళ్లు విరగబూసి, ఎండలు ముదిరేసరికి తమ పని ముగించుకుని పోతాయి. మన దగ్గర మొక్కల ప్రదర్శనలు, పిల్లాపాపలతో పార్కులకు వెళ్లడాలు ఎక్కువగా సంక్రాంతికి అటూ ఇటూ జరుగుతాయి. ఆ నెలల్లో ఏ తోట అయినా బాగానే ఉంటుంది, ఏ మాలి అయినా పనిమంతుడిలాగే కనబడతాడు. పెళ్లిచూపుల నాడు చూసి మనిషి గుణం తేల్చడం వంటిదే అది కూడా. అందుకని ఈ ఏడు రోళ్లు పగులుతాయనే రోహిణి కార్తెలో, అంటే మే నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా, మా ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న తోటలు చూసి, ఆ ఎండలో ఏది నిలబడి ఉందో, ఎందుకు నిలబడి ఉందో రాసుకుని రావాలని నిశ్చయించుకున్నాను. మా వారు "ఈ ఎండల్లో తోటలేమిటి, మతి పోయిందా?" అన్నారు కానీ, మొదటి రోజు తెల్లవారుజామున స్కూటరు బయటికి తీసింది ఆయనే.

నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌తో మొదలుపెట్టాము. పాత తరం వారు దాన్ని ఇప్పటికీ బాగే ఆమ్ అనే అంటారు. ఆమ్ అంటే సామాన్య జనం. నిజాముల కాలంలో 1846లో వెలసిన ఈ తోట నగరంలోని ఉద్యానాలన్నింటిలోకీ పాతది. 1913లో పూర్తయిన శాసనసభ తెల్లని భవనం, జూబిలీ హాలు, ఈజిప్టు మమ్మీని దాచుకున్న మ్యూజియం, ఇవన్నీ ఈ ఆవరణలోనే లేచాయి. 1963లో నెహ్రూ జూ పార్కు తెరవక ముందు నగరానికి జంతు ప్రదర్శనశాల కూడా ఇక్కడే ఉండేది. భవనాలు పెరిగిన కొద్దీ తోట తగ్గిపోయిందని గొణిగే ముసలివారు ఉదయపు నడకలో తప్పక ఒకరిద్దరు తగులుతారు; వారి గొణుగుడు సబబే.

మేము చేరేసరికి ఉదయం అయిదున్నర అయింది. బయట రోడ్డు రాత్రంతా చల్లారక ఇంకా సెగ కక్కుతూనే ఉంది. గేటు దాటి ఇరవై ముప్పై అడుగులు వేయగానే మెడ మీద చెమట ఆరడం తెలిసింది. ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాము. ఈ చెట్టును రోజూ చూసేవాళ్లం కూడా పైకి చూడం కాబట్టి గమనించం: సాయంత్రం కాగానే దాని ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి, తెల్లవారాక మళ్లీ విచ్చుకుంటాయి. మేము కూర్చున్నప్పుడు కొమ్మల మధ్య ఆకాశం జల్లెడలోంచి చూసినట్టు తెల్లగా కనబడుతూ ఉంది. అరగంట గడిచేసరికి ఆ చిల్లులు ఒక్కొక్కటే పూడిపోయి, ఎండ సరిగ్గా మా తల మీదికి వచ్చే సమయానికి నీడ చిక్కబడింది. దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చి మన రోడ్ల పక్కన స్థిరపడిన ఈ చెట్టు, చల్లదనం అవసరం లేని వేళ గొడుగు మడిచి, అవసరమైన వేళ విప్పుతుందన్నమాట. పక్క బల్ల మీద ఉర్దూ పేపరు చదువుకుంటున్న పెద్దాయన, పేజీ మీద ఎండపొడ పడిన ప్రతిసారీ ఒక జానెడు పక్కకు జరుగుతూ, నీడ చిక్కబడ్డాక ఇక జరగడం మానేశాడు.

నాకు పని నేర్పిన సంగతి మాత్రం ఆ చెట్టు కొమ్మల్లో లేదు, మొదట్లో ఉంది. దారులన్నీ శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి కానీ, చెట్టు కింద మాత్రం ఎండుటాకులు, గులాబీ రంగు కుచ్చుపూల పొట్టు, జిగురు కాయల తునకలు మడమ మునిగేంత మందాన పేరుకుని ఉన్నాయి. నేను వంగి వాటిని కదుపుతూ ఉంటే, చీపురు చేత్తో పట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది.

"ఏందమ్మా, కమ్మ గిట్ల పడ్డదా?"

"ఏమీ పడలేదు పెద్దమ్మా. ఇక్కడ ఎందుకు ఊడ్వలేదా అని చూస్తున్నాను."

"తొవ్వ మీదియి ఊడ్సినం. చెట్టు కిందియి ఎందుకు ఊడుస్తం? అది దాని బువ్వ గదా" అని, చీపురు పక్కన పెట్టి, తానే గొంతుక్కూర్చుని ఆకుల పొరను అరచేత్తో పక్కకు నెట్టింది. పైన అప్పడంలా విరిగిపోయే ఆకు. దాని కింద సగం కుళ్లిన గోధుమరంగు ఆకు. ఆ కింద దారాల్లాంటి తెల్లని బూజు అల్లుకున్న నల్లని మట్టి. వేలు గుచ్చితే రెండో కణుపు దాకా దిగింది, తడిగా బయటికి వచ్చింది. ఆ ముందు రోజు నగరంలో ఎండ 42 డిగ్రీలు. వాన పడి వారాలు దాటింది. "పైప్ నీళ్లు వారానికోసారి పెడ్తం. గంతే" అంది ఆవిడ.

నేను మా ఇంట్లో కుండీలను ఎలా చూసుకున్నానో అప్పుడు గుర్తుకు వచ్చింది. ప్రతి ఉదయం రాలిన ఆకు ఒక్కటి మిగలకుండా ఏరి చెత్తబుట్టలో వేసేదాన్ని. మట్టి కనబడుతూ ఉంటేనే శుభ్రం అనుకునేదాన్ని. ఆ మట్టి మీద మధ్యాహ్నపు ఎండ నేరుగా పడేది. ఉదయం పోసిన నీరు రెండు గంటలకు ఆవిరి, నాలుగు గంటలకు మట్టి కుండీ అంచు వదిలి లోపలికి ముడుచుకునేది. మళ్లీ పోస్తే ఆ సందులోంచి నీరంతా కిందికి జారి పళ్లెంలో తేలేది తప్ప వేరుకు చేరేది కాదు. రోజుకు రెండు పూటలు నీళ్లు పోసి మరీ మొక్కలను దాహంతో చంపాను.

తరువాతి ఆదివారం ఇబ్రహీంబాగ్‌కు వెళ్లాము. ఈ నగరంలో బాగ్ అనే మాట లేకుండా ఒక బస్సు మార్గం చెప్పడం కష్టం: బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, రాంబాగ్, కిషన్‌బాగ్, మూసారాంబాగ్, కుందన్‌బాగ్. పేర్లు మిగిలాయి, కండక్టరు ఆ పేరు కేక వేసినప్పుడు తోట గుర్తుకు వచ్చేవారు ఎవరూ లేరు. ఇబ్రహీంబాగ్‌లో మాత్రం పేరుతోపాటు తోట కూడా మిగిలింది. గోల్కొండ కోటకు కూతవేటు దూరంలో కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులు ఉన్నది ఇక్కడే. హైదరాబాదును నిర్మించిన మహమ్మద్ కులీ సమాధి కూడా ఈ తోటలోనే ఉంది. జనం గుమ్మటాల ముందు ఫొటోలు దిగుతారు. నేను బావుల కోసం వెళ్లాను.

తోటలో పాతకాలపు దిగుడు బావులు ఉన్నాయి. వాటిలో పెద్దదైన బడీ బావోలీ గోడ 2013 వానలకు కూలిపోయింది. పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు దాన్ని మళ్లీ రాయి రాయి పేర్చి నిలబెట్టింది. బావి అంచున నిలబడి చూస్తే ఈ తోట మొత్తం ఒక లెక్క ప్రకారం ఉన్నట్టు అర్థమవుతుంది. వాన నీరు పల్లానికి జారి బావుల్లో చేరాలి, బావి నీరు మళ్లీ తోటకు ఎక్కాలి. ముందు నీరు ఎక్కడ నిలుస్తుందో చూసుకుని, తరువాత మొక్క ఎక్కడ పెట్టాలో ఆలోచించినవారు కట్టిన తోట అది. మనం ఈ రోజుల్లో ముందు మొక్క కొంటాము, ఆ తరువాత కుళాయికి గొట్టం అందుతుందో లేదో చూస్తాము.

అక్కడే మరొకటి గమనించాను. పదకొండు గంటల ఎండలో నల్లరాతి అరుగు మీద చేయి ఆన్చలేకపోయాను; రెండడుగుల అవతల కొత్తగా సున్నపు గచ్చు చేసిన తెల్లని గోడ మీద అరచేయి ఆన్చి హాయిగా నిలబడగలిగాను. తెలుపు ఎండను వెనక్కి కొడుతుందని బడిలో చదువుకున్నదే. కానీ, మా బాల్కనీ పిట్టగోడ లోపలి వైపు ముదురు కాఫీపొడి రంగు వేయించింది నేనేనన్న సంగతి ఆ గోడ మీద చేయి వేసినప్పుడే స్ఫురించింది. సాయంత్రం ఏడింటికి కూడా ఆ పిట్టగోడ పెనంలా ఉంటుంది. నేను దానికి ఆనించి మరీ కుండీలు పేర్చాను.

ఇబ్రహీంబాగ్ నుంచి వచ్చే దారిలో నయా ఖిల్లాలోని బావోబాబ్ చెట్టును చూశాము. స్థానికులు హాతియాఁ కా ఝాడ్, ఏనుగుల చెట్టు అంటారు. ఆఫ్రికా జాతి చెట్టు. మొదలు చుట్టుకొలత 27 మీటర్ల వరకు ఉంటుందని, వయసు నాలుగు వందల ఏళ్లు దాటిందని చెబుతారు. ఆ లెక్కన 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను పట్టుకున్న నాటికే అది చెట్టయి ఉండాలి. ఫొటోల్లో చూసి పచ్చగా ఉంటుందనుకుని వెళ్లిన మా వారికి నిరాశ కలిగింది. మండు వేసవిలో దాని మీద చెప్పుకోదగిన ఆకు లేదు. ముడతలు పడిన ఏనుగు చర్మంలాంటి బెరడు, మొండి చేతులు చాచినట్టు కొమ్మలు. కానీ నేను చూడవచ్చినది అదే. వానాకాలంలో తాగిన నీటిని మొద్దులో దాచుకుని, ఎండాకాలంలో ఖర్చు తగ్గించుకోవడానికి ఆకు రాల్చి కూర్చునే చెట్టు అది. ఎండలో పచ్చగా లేని ప్రతిదీ చచ్చినట్టు కాదని నా పుస్తకంలో రాసుకున్నాను. ఏప్రిల్‌లో నేను ఎండిపోయిందని తీసి పారేసిన దేవగన్నేరు కొమ్మ నిజంగా ఎండిందో, ఆకు రాల్చి కునుకు తీస్తూ ఉందో ఇక తెలుసుకునే వీలు లేదు.

కొత్తగూడలోని బొటానికల్ గార్డెన్‌కు రెండు ఉదయాలు వెళ్లాము. కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టిన ఈ వనం 270 ఎకరాల పైన ఉంటుంది. దాని చుట్టూ ఐటీ కంపెనీల అద్దాల మేడలు లేచాయి. నడకకు వచ్చేవారు ఎక్కువ, చెట్టును చూసేవారు తక్కువ. నాకు అక్కడ నచ్చింది తీర్చి పెంచిన మొక్కలు కావు, మన దక్కను కొండరాళ్ల సందుల్లో ఎవరూ నాటకుండా మొలిచినవి. నేలంటూ లేని చోట అవి ఎలా బతుకుతున్నాయో చూస్తే కుండీలో మొక్క పెంచడం గురించి సగం పాఠం అక్కడే ఉంది: రాతికి తూర్పు పక్కన మొలిచినది ఏపుగా ఉంది, పడమటి పక్కన మొలిచినది గిడసబారి ఉంది. మధ్యాహ్నం తరువాత ఆ రాయి ఒకదానికి గొడుగు పడుతోంది, మరొకదాన్ని మాడుస్తోంది.

చూసినవన్నీ మెచ్చుకోదగినవే అని చెప్పలేను. పేరు చెప్పను కానీ, మా వైపే ఉన్న ఒక చిన్న పార్కులో రంగురంగుల పలకలు పరిచేటప్పుడు చెట్ల మొదళ్ల దాకా, బెరడుకు తగిలేలా సిమెంటు పోశారు. వాన పడినా ఆ చెట్లకు చుక్క నీరు దిగదు. పైన కొమ్మలు చిట్టచివర నుంచి ఎండుకుంటూ వస్తున్నాయి. కింద "చెట్లను కాపాడండి" అనే బోర్డు కొత్త పెయింటుతో నిగనిగలాడుతోంది. కాపలాదారుతో అన్నాను. "కాంట్రాక్టరు పని మేడం, నాకేం తెలుసు?" అన్నాడు. అతనికి తెలియదన్నది నిజమే.

మా పుస్తకంలో ఆ రెండు వారాల్లో పోగుపడిన పేర్లు చూసుకుంటే నాకే ఆశ్చర్యం వేసింది. నలభై దాటిన ఎండలో పువ్వుతో కనబడినవి తురాయి, రేల, పొగడ వంటి చెట్లు. మొక్కల్లో గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు, కాగితంపూలు, ఎడారి గులాబీ అని పిలిచే అడీనియం, పది గంటల ఎండ తగిలితే తప్ప రేకు విప్పని టేబుల్ రోజ్. వీటిలో ఒక్కటి కూడా డిసెంబరు ప్రదర్శనలో నా కంట పడలేదు. పడినా పాతకాలపు పెరటి మొక్క అని దాటి వెళ్లి ఉంటాను. కాగితంపూల సంగతి మరీ చిత్రం. దానికి నీరు ఎక్కువైతే ఆకు వేస్తుంది, నీటికి కటకట పడితే పూస్తుంది. మా బాల్కనీలో నేను పట్టించుకోక వదిలేసిన ఆ ఒక్క మొక్క ఎందుకు విరగబూసిందో, ముద్దు చేసిన పదహారు ఎందుకు పోయాయో ఇంతకు మించి వివరణ అక్కరలేదు. మల్లెకు కూడా చలికాలంలో కొన్నాళ్లు నీరు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేస్తేనే వేసవిలో మొగ్గ విరివిగా వస్తుందని మా అమ్మ పెరట్లో చేస్తూ ఉండగా చూసినదే, మరచిపోయినదే.

జూన్ మొదటి వారంలో ఇంటి పని మొదలుపెట్టాను. పిట్టగోడ లోపలి వైపు సున్నం వేయించాను. ఎదుటి బ్లాకు వారి నుంచి అసోసియేషనుకు "రంగు కలవలేదు" అని ఒక ఫిర్యాదు వెళ్లింది, అది ఇంకా నడుస్తోంది. నల్ల ప్లాస్టిక్ కుండీలు తీసేసి మట్టి కుండీలు తెచ్చాను; మట్టి కుండీ గోడ తడి పీల్చి ఆవిరి వదులుతుంది కాబట్టి, కూజాలో నీళ్లలాగే లోపలి వేళ్లు కూడా చల్లగా ఉంటాయి. ఒకదానికొకటి దూరంగా, ప్రదర్శనలో పెట్టినట్టు పెట్టడం మానేసి, పడమటి చివర గన్నేరు, నందివర్ధనం, వాటి నీడలో బిళ్ళగన్నేరు, అందరికంటే లోపల తులసి, ఇలా గుంపుగా పెట్టాను. పబ్లిక్ గార్డెన్స్ పెద్దమ్మను అడిగి ఒక గోనెసంచి నిండా ఎండుటాకు తెచ్చుకుని ప్రతి కుండీలోనూ మూడు వేళ్ల మందాన పరిచాను. స్కూటరు మీద గోనెసంచి మోసుకువచ్చిన మా వారిని చూసి వాచ్‌మన్ "సారు ఊరి నుంచి బియ్యం తెచ్చిండ్రా?" అని అడిగాడట.

ఆకు తీసుకోవడానికి వెళ్లిన రోజున పెద్దమ్మ ఒక ప్రశ్న వేసింది: "అన్నీ పెడ్తున్నవ్, తంగేడు పెట్టినవా?" లేదని ఒప్పుకోవలసి వచ్చింది. తెలంగాణ రాష్ట్ర పుష్పం అది, బతుకమ్మ పేర్చాలంటే అది లేనిదే కుదరదు, రాళ్ల గుట్టల మీద చుక్క నీరు లేకుండా పసుపుపచ్చగా పూస్తుంది. అయినా నేను తిరిగిన నాలుగు నర్సరీల్లో ఒక్క చోటా లేదు. "అది కొంటరా మేడం ఎవరన్నా?" అని ఒకతను నవ్వాడు. చివరికి వికారాబాదు వెళ్లే దారిలో రోడ్డు పక్క పొదకు ఎండి వేలాడుతున్న కాయలు నాలుగు కోసుకుని వచ్చాను. గింజ పైపొర గట్టిది. పెద్దమ్మ చెప్పినట్టు అరుగు మీద కాస్త గీకి, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, మృగశిర కార్తె మొదటి వాన పడిన మర్నాడు అడుగున చిల్లులు పొడిచిన పాత నీళ్ల డ్రమ్ములో ఏడు గింజలు పెట్టాను. తొమ్మిదో రోజుకు మూడు మొలిచాయి.

ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లి ఆవిడకు చూపించాను. కళ్లు చిట్లించి చూసి, "గివి ఈ బతుకమ్మకు పూయవు. వచ్చే ఏడు చూద్దాం. నీళ్లు ఎక్కువ పోయకు" అంది.